ఒకటి కనిపిస్తే అక్కడే ఆగొద్దు, ఒళ్లంతా చూపిద్దాం

(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, రికవరీ అన్నీ ఇందాకే విన్నారు. ప్రతి ఏడాదీ మేము రక్తహీనత గురించో, పోషకాహారం గురించో మాట్లాడతాం. ఈసారి మన సభల్లో ఎవరూ నోరు విప్పి మాట్లాడని విషయం ఎత్తుకున్నాం. పుట్టిన బిడ్డకు ఏదైనా లోపం ఉంటే ఏం చెయ్యాలి? ఒక లోపం కంటికి కనిపించినప్పుడు, కంటికి కనిపించనిది ఇంకొకటి లోపల ఉందేమో ఎవరు చూడాలి, ఎప్పుడు చూడాలి? ఈరోజు మాట్లాడేది ఇంతే.

మేము డాక్టర్లం కాదు. ఇక్కడ చెప్పేది పిల్లల డాక్టర్ల దగ్గర, ఆర్‌బీఎస్‌కే బృందాల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నది. వైద్యం చెయ్యడం వాళ్ల పని. సరైన సమయానికి సరైన ప్రశ్న అడగడం మన పని.

మొదట ఒక లెక్క. పుట్టిన ప్రతి నూరు మంది పిల్లల్లో సుమారు ఇద్దరు ముగ్గురికి పుట్టుకతోనే ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది. ఇది మన ఊళ్లో, మన కులంలో, మన ఇంట్లో మాత్రమే జరిగేది కాదు. ప్రపంచం అంతటా ఉన్నదే. ఇలాంటి లోపాల వల్ల పుట్టిన 28 రోజుల్లోపే ఏటా సుమారు 2 లక్షల 40 వేల మంది శిశువులు చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఒక మండలంలో ఏడాదికి వెయ్యి కాన్పులు జరిగితే, అందులో ఇరవై ముప్పై ఇళ్లల్లో ఈ మాట వస్తుందన్నమాట. ఆ ఇళ్లల్లో మన సంఘం సభ్యులు లేకుండా ఉంటారా?

కొన్ని లోపాలు పుట్టగానే కనిపిస్తాయి. గ్రహణమొర్రి కనిపిస్తుంది. వంకర పాదం కనిపిస్తుంది. వెన్ను మీద గడ్డ కనిపిస్తుంది. గుండెలో రంధ్రం కనిపించదు. ఒక కిడ్నీ లేకపోవడం కనిపించదు. చెవి వినపడకపోవడం కనిపించదు. కష్టం ఎక్కడ వస్తుందంటే, కనిపించిన దాని మీదే అందరి చూపూ పడుతుంది. పెదవి కుట్టించారు, హమ్మయ్య అనుకుంటారు. లోపల ఉన్నది నెలల తర్వాత బయటపడుతుంది. అప్పటికి కొన్నిటికి వైద్యం చేసే సమయమే దాటిపోతుంది.

ఒకటి ఉంటే ఇంకొకటి ఎందుకు ఉంటుంది? నెల తప్పిన కొత్తలోనే, చాలామందికి కడుపుతో ఉన్నామని గట్టిగా తెలిసేలోపే, బిడ్డకు గుండె, వెన్ను, కిడ్నీలు, కాళ్లూ చేతులు, అన్నం దిగే గొట్టం అన్నీ ఇంచుమించు ఒకే కాలంలో తయారవుతాయి. మనందరం ఇళ్లు కట్టించిన వాళ్లమే. పిల్లర్లు, బీములు పోసిన వారంలో కలిపిన మాల్ సరిగా లేదని ఒక పిల్లర్ దగ్గర పగులు చూసి తెలిస్తే ఏం చేస్తాం? ఆ పగులుకి సిమెంటు పూసి ఊరుకోం. ఆ వారంలో పోసిన పిల్లర్లు అన్నీ మేస్త్రీ చేత కొట్టించి చూపిస్తాం. మిగతావి గట్టిగానే ఉండొచ్చు. కానీ చూశాకే కదా ఆ మాట అనగలం.

ఇక ఏ లోపం ఉంటే ఏం చూపించాలో ఒక్కొక్కటిగా చెప్తాం. ఈ పేజీలు చించి గ్రామ సంఘం ఆఫీసు గోడకు అంటించుకున్నా మాకు సంతోషమే.

మొదటిది, మలద్వారం లేకుండా పుట్టిన బిడ్డ. పుట్టగానే నర్సమ్మ చూస్తే తెలిసిపోతుంది. ఇరవై నాలుగు గంటల్లో నల్లటి మొదటి విరేచనం అవ్వకపోతే మనం కూడా చూడాలి. ఇలాంటి పిల్లల్లో సగానికి సగం మందికి, ఇంకా ఎక్కువ మందికే, మరో చోట కూడా లోపం ఉంటుంది. అందుకే డాక్టర్లు ఆరు చోట్లు చూస్తారు: వెన్నుపూసలు, మలద్వారం, గుండె, గాలిగొట్టం అన్నగొట్టం రెండూ, కిడ్నీలు, చేతులు కాళ్లు. వీటిలో మూడు చోట్ల గానీ అంతకన్నా ఎక్కువ చోట్ల గానీ తేడా ఉంటే దాన్ని వాక్టర్ల్ అంటారు. పేరు గుర్తు లేకపోయినా పరవాలేదు, ఆరు చోట్లు గుర్తుంచుకోండి. గుండెకు ఎకో, కడుపుకు కిడ్నీల స్కానింగు, వెన్నుకు ఎక్స్‌రే, స్కానింగు చేస్తారు. వెన్ను స్కానింగుకి ఒక గడువుంది. మొదటి మూడు నెలల్లో పసిబిడ్డ వెన్ను ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు కాబట్టి మామూలు స్కానింగుతోనే లోపలి వెన్నుపాము కనిపిస్తుంది. ఆ తర్వాత అయితే ఎమ్మారై కావాలి, దానికి బిడ్డకు మత్తు ఇవ్వాల్సి రావచ్చు, దూరం వెళ్లాలి. మూడు నెలల్లో తేలికగా అయ్యే పనిని ఎందుకు కష్టం చేసుకోవాలి?

రెండోది, పుట్టినప్పటి నుంచి నోట్లో నురగలు కక్కే బిడ్డ. తుడిచిన కొద్దీ నురగ వస్తుంది, పాలు పట్టగానే దగ్గి నీలంగా మారుతుంది. అన్నగొట్టం పొట్టదాకా వెళ్లకుండా మధ్యలో మూసుకుపోతే ఇలా అవుతుంది. అలాంటి బిడ్డకు ఒక్క చుక్క కూడా పట్టకూడదు. చక్కెర నీళ్లు, తేనె, ఆముదం, గాడిద పాలు ఏ బిడ్డకీ మంచివి కావు, ఈ బిడ్డకైతే ప్రాణం మీదికే తెస్తాయి. తల కాస్త ఎత్తులో ఉంచి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. వీళ్లల్లో కూడా దాదాపు సగం మందికి ఇంకో లోపం ఉంటుంది. అందుకే ఆపరేషన్‌కి ముందే గుండె ఎకో తీస్తారు. మత్తు ఎలా ఇవ్వాలి, ఏ వైపు నుంచి ఆపరేషన్ చెయ్యాలి అన్నది దాన్ని బట్టి ఉంటుంది. ఎకో అన్నారని ఆలస్యం చేస్తున్నారని అనుకోవద్దు.

మూడోది, గ్రహణమొర్రి. పెదవి ఒక్కటే చీలితే చాలామందికి వేరే లోపం ఉండదు. పెదవి బాగానే ఉండి నోటి లోపల అంగిలి మాత్రమే చీలితే ఇంకో లోపం ఉండే అవకాశం ఎక్కువ. గమ్మత్తేమిటంటే, బయటికి కనిపించేది పెదవి, ఎక్కువ వెతకాల్సింది అంగిలి. టార్చి వేసి నోరంతా చూడాలి. పాలు ముక్కులోంచి వస్తున్నాయంటే అంగిలి చూడమని అడగాలి. గుండె పరీక్ష చేయించాలి. చెవి పరీక్ష మాత్రం తప్పనిసరి, ఎందుకంటే అంగిలి చీలిన పిల్లల్లో చెవి లోపల నీరు చేరి వినికిడి తగ్గుతుంది. పెదవి బాగుపడ్డాక కూడా మాట రాకపోతే, అది వినపడక కావచ్చు. ఈలోపు బిడ్డ ఆకలితో ఉండకూడదు. తల్లిపాలు పిండి, బిడ్డను నిటారుగా కూర్చోబెట్టినట్టు పట్టుకుని, మన అమ్మమ్మల కాలం నాటి ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో కొంచెం కొంచెంగా పట్టొచ్చు. బరువు పెరిగితేనే ఆపరేషన్.

నాలుగోది, డౌన్ సిండ్రోమ్. కళ్లు, ముక్కు, చేతి గీత చూసి డాక్టర్లు అనుమానపడతారు, రక్త పరీక్షతో ఖాయం చేస్తారు. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. స్టెతస్కోపు పెడితే శబ్దం రాలేదు, గుండె బాగుంది అన్నారని వదిలెయ్యకూడదు. మొదటి రోజుల్లో రంధ్రం ఉన్నా శబ్దం రాకపోవచ్చు. అందుకే అందరికీ ఎకో. ఎందుకింత గట్టిగా చెప్తున్నామంటే, పెద్ద రంధ్రం ఉన్న గుండెకు మొదటి నెలల్లోనే ఆపరేషన్ చెయ్యాలి. ఆలస్యమైతే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడిపోయి, ఇక ఆపరేషన్ చెయ్యలేం అని చెప్పే రోజు వస్తుంది. గుండెతో పాటు థైరాయిడ్ పరీక్ష, కంటి పరీక్ష, చెవి పరీక్ష కావాలి. థైరాయిడ్ ఒకసారితో అయిపోదు, ఏటేటా చూపించాలి. ఏ పసిబిడ్డకైనా సరే ఆకుపచ్చ రంగు వాంతి అయితే ఆ రాత్రి ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పేగు మూసుకుపోయి ఉండొచ్చు.

అయిదోది, వెన్ను మీద గడ్డ. ఈ పిల్లల్లో చాలామందికి తలలో నీరు చేరుతుంది. టేపుతో తల చుట్టుకొలత మాటిమాటికీ కొలవాలి. కాళ్ల కదలిక, మూత్రం వచ్చే తీరు, కిడ్నీలు చూపించాలి.

ఆరోది, వంకర పాదాలు. వెయ్యి మందిలో ఒకరికి ఉంటుంది, ఎక్కువమందికి వేరే లోపం ఉండదు. అయినా సాక్సు విప్పి పాదం చూసినట్టే చొక్కా విప్పి వెన్ను చూడాలి. నడుం కింద వెంట్రుకల కుచ్చు, గుంట, వాపు ఉన్నాయా, తుంటి కీలు జారుతోందా, మిగతా కీళ్లు బిగుసుకుపోయి ఉన్నాయా చూస్తే సరిపోతుంది. పాదానికి వారం వారం పిండికట్టు మార్చి, తర్వాత నాలుగేళ్ల వయసు దాకా రాత్రిపూట బూట్లు వేస్తే చక్కగా నడుస్తారు. బూట్లు మధ్యలో మానేస్తే పాదం మళ్లీ తిరుగుతుంది.

ఏడోది, బొడ్డు దగ్గర లోపం. ఇందులో రెండు రకాలు. పేగులు బొడ్డు పక్కన బయటికి వచ్చి పైన ఏ పొరా లేకపోతే, ఎక్కువగా లోపం పేగుల వరకే ఉంటుంది. పేగులు బొడ్డుతాడులోనే సంచిలా పొర కప్పుకుని ఉంటే సగం మందికి పైగా గుండెలోనో మరో చోటో లోపం ఉంటుంది. వాళ్లకు ఎకో కావాలి, రక్తంలో చక్కెర కూడా చూడాలి. చూడ్డానికి పొర లేని బిడ్డే ఎక్కువ భయపెడుతుంది. ఎక్కువ వెతకాల్సింది మాత్రం పొర ఉన్న బిడ్డకు.

ఎనిమిదోది, చెవి ఆకారం సరిగా లేకపోవడం. వినికిడి పరీక్ష తప్పదు. దానితో పాటు ఇంకేదైనా తేడా ఉంటే కిడ్నీల స్కానింగు కూడా చేయిస్తారు. వినికిడికి ఒక లెక్కుంది, గుర్తుంచుకోవడం తేలిక: ఒక నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వైద్యం. మూడేళ్లొచ్చాయి, ఇంకా మాట రాలేదు, వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చింది అని కూర్చోవడానికి వీల్లేదు.

ఇంత చెప్పాక ఒక మాట. ప్రతి బిడ్డకూ ప్రతి స్కానింగూ అక్కర్లేదు. ఒక్క పుట్టుమచ్చ ఉందని, ఒక చిన్న గుంట ఉందని ఎకోలకు పరుగెత్తించడం మా ఉద్దేశం కాదు. అలాంటి చిన్న తేడాలు మూడు గానీ, ఎక్కువ గానీ ఒకే బిడ్డలో ఉంటే మాత్రం పిల్లల డాక్టరు తల నుంచి కాలి దాకా జాగ్రత్తగా చూడాలి. ఏ పరీక్ష కావాలో నిర్ణయించేది డాక్టరే. మనం అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: "ఈ లోపంతో పాటు ఇంకేమైనా ఉండే అవకాశం ఉందా సార్? దానికి ఏం పరీక్షలు చేశారు, ఏవి చెయ్యాలి?" ఈ మాట అందరికీ నోటికి రావాలి.

మన చుట్టుపక్కల ఊళ్లల్లో చూసిన రెండు ఇళ్ల సంగతి చెప్తాం. పేర్లు చెప్పం. ఒక బిడ్డకు మలద్వారం లేదు. రెండో రోజే పొట్ట మీద దారి చేసి ప్రాణం నిలబెట్టారు. ఇంటికొచ్చారు. సంచి మార్చడం, శుభ్రం చెయ్యడం ఆ తల్లి ఎంత ఓర్పుగా నేర్చుకుందో చూస్తే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడో నెలలో జ్వరం వచ్చింది. తగ్గింది. మళ్లీ వచ్చింది. పళ్లొస్తున్నాయన్నారు, వైరల్ అన్నారు, గాలి సోకిందన్నారు. నాలుగోసారికి మూత్ర పరీక్ష, స్కానింగు చేస్తే ఒక కిడ్నీ లేనే లేదు, ఉన్న ఒక్కదానిలోకి మూత్రం వెనక్కి ఎగదన్ని దెబ్బతీస్తోంది. ఇప్పుడు ఆ పాప మందుల మీద ఉంది. ఆ ఒక్క కిడ్నీని కాపాడుకోవాలి. ఏ ఆసుపత్రి వాళ్లు చెప్పలేదు అని తిట్టడానికి ఇది చెప్పట్లేదు. పుట్టిన వారంలో ఒక్క స్కానింగు అయ్యుంటే ఆ నాలుగు జ్వరాలకూ ముందే మందు ఉండేది.

ఇంకో ఊళ్లో బాబుకు అంగిలి చీలింది. గ్రామ సంఘం లీడరు, ఆశా అక్క కలిసి తల్లితో పాటు వెళ్లి ఆ ఒక్క ప్రశ్నా అడిగారు. ఎకో తీశారు, చెవి పరీక్ష చేశారు. ఏమీ లేదు. చేసిన పరీక్ష వృథా అయిందా? ఆ తల్లి చెప్పిన మాట: "కాన్పయ్యాక మొదటిసారి ఆ రాత్రి నిద్రపోయానక్కా." ఏమీ లేదని తెలియడం కూడా సంపాదనే.

ఇక సంఘాల్లో మాకు ఎదురయ్యే మాటలు.

టిఫా స్కాన్‌లో అంతా బాగుందన్నారు కదా అంటారు. అయిదో నెలలో చేసే ఆ స్కాను చాలా మంచిది, తప్పకుండా చేయించాలి. అందులో ఏదైనా లోపం కనిపిస్తే కడుపులోనే బిడ్డ గుండెకు ఎకో తీస్తారు, కాన్పు ఎక్కడ చెయ్యాలో ముందే నిర్ణయిస్తారు. కానీ అన్నీ అందులో కనిపించవు. మలద్వారం లేకపోవడం, అంగిలి ఒక్కటే చీలడం చాలాసార్లు కనిపించవు. వినికిడి అసలు తెలియదు. టిఫా బాగున్నా పుట్టిన బిడ్డను మళ్లీ చూడాల్సిందే.

బిడ్డ బాగానే పాలు తాగుతోంది కదా అంటారు. పుట్టిన 24 గంటల తర్వాత కుడి చేతికి, ఒక కాలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూసే పరీక్ష ఉంది. కరోనా కాలంలో మనం వేలికి పెట్టుకున్నదే, పసిపిల్లల సైజుది. 90 కన్నా తక్కువుంటే వెంటనే గుండె డాక్టరు చూడాలి. 90కీ 95కీ మధ్య ఉన్నా, చేతికీ కాలికీ తేడా 3 కన్నా ఎక్కువున్నా మళ్లీ చూడాలి. నొప్పి లేదు, సూది లేదు. అయితే ఇది బాగుంటే గుండె మొత్తం బాగున్నట్టు కాదు. రంధ్రాలు ఇందులో దొరకవు. ఇంకో లోపం ఉన్న బిడ్డకు డాక్టరు ఎకో రాస్తే తీయించాల్సిందే.

గ్రహణం పట్టింది, తల్లి కత్తిపీట పట్టుకుంది, అందుకే ఇలా పుట్టింది అంటారు. అక్కలారా, ఈ మాట వల్ల ఒక్క బిడ్డ బాగుపడలేదు. తల్లిని తలుపు వెనక కూర్చోబెట్టడానికి మాత్రం పనికొచ్చింది. తల్లిని తప్పుపట్టే ఇంట్లో బిడ్డను దాచిపెడతారు. దాచిన బిడ్డకు పరీక్ష ఎవరు చేయిస్తారు? మేనరికాల్లో లోపాల అవకాశం కొంత పెరుగుతుందన్నది నిజం. పెళ్లి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు ఆ మాట చెప్పుకుందాం. బాలింత మంచం దగ్గర కాదు.

పురుడు కడగకుండా గడప దాటకూడదు అంటారు. పేగు మూసుకుపోయిన బిడ్డకు పదకొండో రోజు దాకా సమయం లేదు.

ఆడపిల్లే కదా, చూద్దాంలే అనే మాట కూడా వింటున్నాం. ఇది ఆడవాళ్ల సంఘం. దీనికి జవాబు మేము చెప్పక్కర్లేదు.

డబ్బు మాట. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అదే ఆర్‌బీఎస్‌కే, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా 30 రకాల సమస్యలు చూస్తుంది. అందులో పుట్టుకతో వచ్చే లోపాలు తొమ్మిది: వెన్ను లోపం, డౌన్ సిండ్రోమ్, గ్రహణమొర్రి, వంకర పాదం, తుంటి కీలు లోపం, కంటి శుక్లం, చెవుడు, గుండె లోపం, నెలలు నిండని పిల్లలకు వచ్చే కంటి జబ్బు. బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వస్తాయి. అక్కడి నుంచి పిల్లల్ని సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపిస్తారు. కానీ పసిబిడ్డ విషయంలో ఆ బృందం వచ్చేదాకా ఆగొద్దు. ఆసుపత్రి కాన్పు అయితే ఆశా అక్క 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. వచ్చినప్పుడు బట్టలన్నీ విప్పి చూపించండి. చలి అని గుడ్డలో చుట్టేసి మొహం ఒక్కటే చూపిస్తే ఆమెకేం తెలుస్తుంది?

2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఏడాదిలోపు జబ్బు పడిన బిడ్డకు ప్రభుత్వాసుపత్రిలో మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. పెద్ద ఆపరేషన్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ ఉన్నాయి. రెండింటికీ మూలం 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీయే. గుండె ఆపరేషన్ అనగానే పొలం అమ్మకానికి పెట్టే ముందు ఆసుపత్రిలో ఆ పథకం హెల్ప్‌డెస్క్ దగ్గరికి వెళ్లండి. తిరుపతిలో 2021లో తితిదే ప్రారంభించిన పద్మావతి హృదయాలయం ప్రత్యేకంగా పిల్లల గుండె కోసమే ఉంది. హైదరాబాద్‌లో నీలోఫర్ పిల్లల ఆసుపత్రి ఉంది.

అయినా ఖర్చు ఉంటుంది. బస్సు చార్జీలు, తోడు వచ్చినవాళ్ల భోజనం, పోయిన కూలి. పెద్ద బిల్లు కన్నా ఈ చిన్న ఖర్చులే మనవాళ్లను రెండో విడత చూపించుకోకుండా ఆపేస్తున్నాయి. సంఘం ఉన్నది ఇక్కడికే. గేదెకు అప్పు ఇచ్చిన సంఘం బిడ్డ ఎకోకు వెళ్లడానికి చార్జీలు ఇవ్వలేదా?

ఇంకొక్క మాట, కష్టమైనదే. కొన్ని ఇళ్లల్లో బిడ్డ దక్కదు. అప్పుడు కాగితాలు ఎవరికీ అక్కర్లేదనిపిస్తుంది, కొందరు కాల్చేస్తారు కూడా. ఉంచండి. బిడ్డకు ఏమేం లోపాలు ఉన్నాయో పూర్తిగా రాసి ఉంటేనే మళ్లీ కాన్పులో ఇలా అయ్యే అవకాశం ఎంతో డాక్టరు చెప్పగలరు. ఒకే లోపమైతే ఒక లెక్క, నాలుగు కలిసి వస్తే ఇంకో లెక్క. మళ్లీ బిడ్డ కావాలనుకున్న తల్లి నెల తప్పక ముందు నుంచే డాక్టరు చెప్పిన మోతాదులో ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. వెన్ను లోపం ఉన్న బిడ్డను కన్న తల్లికి ఆ మోతాదు ఎక్కువ ఉంటుంది.

ఇక సభ ముందు మేము పెడుతున్న తీర్మానాలు. ఒకటి, ప్రతి గ్రామ సంఘం నెలవారీ సమావేశంలో ఆ నెల కాన్పుల జాబితా ఆశా అక్కతో కలిసి చూడాలి. లోపంతో పుట్టిన బిడ్డ ఉంటే మూడు రోజుల్లో ఇద్దరు సభ్యులు ఆ ఇంటికి వెళ్లాలి. చూడ్డానికి కాదు, సాయానికి. రెండు, మొదటి ఆసుపత్రి ప్రయాణంలో తల్లితో పాటు సంఘం నుంచి ఒకరు తోడు వెళ్లాలి. ఆ ప్రశ్న అడగాలి, జవాబు కాగితం మీద రాయించుకోవాలి. మూడు, గ్రామ సంఘం ఆరోగ్య నిధి నుంచి చార్జీలకు వడ్డీ లేకుండా డబ్బు అదే రోజు ఇవ్వాలి. నాలుగు, ఒక్కో బిడ్డకు ఒక ప్లాస్టిక్ ఫైలు. డిశ్చార్జి కాగితం, ఎకో, స్కానింగు, చెవి పరీక్ష, తర్వాత రావాల్సిన తేదీ అన్నీ అందులో. మళ్లీ వెళ్లాల్సిన తేదీ సంఘం మినిట్స్ పుస్తకంలో కూడా రాయాలి. మన వాయిదాల తేదీలు మనకు ఎలా గుర్తుంటాయో, అలా.

అయిదు, ఆ ఇంటి సంగతి ఊరంతా చెప్పుకోకూడదు. ఫొటో తీసి ఫోన్లలో పంపకూడదు. ఇది మిగతా నాలుగింటి కన్నా గట్టిగా పాటించాలి, ఎందుకంటే ఒక్కసారి సిగ్గుపడి తలుపు వేసుకున్న ఇంట్లోకి మళ్లీ మనం వెళ్లలేం.

ఈ అయిదూ ఆమోదించినవాళ్లు చేతులెత్తండి. చేతులెత్తినవాళ్లు ఇంటికి వెళ్లాక మీ సంఘంలో ఈ ఏడాది పుట్టిన పిల్లల్ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఒక లోపానికి వైద్యం అయిపోయి, మిగతావి ఎవరూ చూడని బిడ్డ ఉంటే, రేపు పొద్దున్న ఆశా అక్కకు ఫోన్ చెయ్యండి. మూడు నెలలు దాటినా, మూడేళ్లు దాటినా సరే. అడగడానికి ఆలస్యం లేదు.